తాయెత్తులో లేని పేరు

గోధుమలు నూరడానికి రాతి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ముందుకు వంగినప్పుడల్లా వాబెత్ మెడలోని తాయెత్తుల దండ ఊగి వచ్చి ఆమె గడ్డానికి కొట్టుకునేది. వెనక్కి లాగితే రొమ్ముల మధ్య పడేది, ముందుకు తోస్తే మళ్ళీ పళ్ళకి తగిలేది. పొద్దుటి నుంచీ అదే వరస. కడుపు తొడలకి ఒత్తుకుంటోంది, పిండి కళ్ళల్లో పడుతోంది, నడుము పట్టేసింది, వీటన్నిటి మీదా ఈ దండ ఒకటి. కాసేపు తీసి మేకుకి తగిలించనా అని అత్తగారిని అడిగింది.

"ఆ కాసేపట్లోనే అది వచ్చి కూర్చుంటుంది" అంది హెనుత్, వెల్లుల్లి ఒలుస్తూ తల ఎత్తకుండానే. "నీ కోసం కాదే అమ్మా ఇవన్నీ. లోపలున్న వాడి కోసం."

అది అంటే నెఫరు. కెన్నా మొదటి పెళ్ళాం. వాబెత్ ఈ ఇంటికి రాకముందే కాన్పులో పోయింది, బిడ్డతో సహా. పోయి పడమటి కొండలో పడుకున్నా ఆమెకి ఈ ఇంటి మీద కక్ష తీరలేదని, తన చోట్లోకి వచ్చినదాని కడుపు పండనివ్వదని ఇంట్లో వాళ్ళ నమ్మకం. వాబెత్ నమ్మకమూ అదే. ఆమెకి రెండు కడుపులు పోయాయి. రెండుసార్లూ నెఫరే ఎత్తుకుపోయిందన్నారు. అప్పటి నుంచి ఆమె రోజూ గడపకి వెల్లుల్లి నూరి రాసేది, ఎవరైనా నెఫరు పేరెత్తితే పక్కకి తిరిగి ఉమ్మేది. ఒక ఆడమనిషిని, కళ్ళతో చూడనైనా చూడని మనిషిని, అంతగా అసహ్యించుకోవడం ఆమెకి జీవితంలో అదే మొదలు.

ముందు గదిలో ఇటుకలతో కట్టిన దేవుడి అరుగుంది. దాని మీద గోడకి నాలుక బయటపెట్టిన మరుగుజ్జు బెస్ బొమ్మ, పక్కనే నీటిగుర్రం మొహంతో, నిండు కడుపుతో నిటారుగా నిలబడ్డ తావెరెత్ అమ్మ, ఇద్దరూ కాన్పుల్ని కాచే దేవుళ్ళు. ఆ అరుగు తుడవాలి, సున్నం వెయ్యాలి, పొద్దున్నే రొట్టె, బీరు పెట్టాలి. పెట్టేది వాబెత్. మర్నాడు ఎండిన రొట్టె తీసి తినేదీ వాబెతే. మెడలో దండలోనూ మళ్ళీ వాళ్ళే, నీలిపూత పూసిన చిన్న చిన్న బొమ్మలుగా. వాళ్ళ మధ్య ఒక చెక్క గొట్టం. అందులో కెన్నా స్వయంగా రాసిన రక్ష.

కెన్నా రాజుల సమాధుల గోడల మీద బొమ్మలు వేస్తాడు, రాతలు రాస్తాడు. ఊళ్ళో మగవాళ్ళందరిదీ అదే కొలువు. గట్టు మీది గుడిసెల్లో పడుకుని పనిచేస్తారు, సెలవుకి కొండ దిగి వస్తారు. దిగి వచ్చినప్పుడు కెన్నా తాయెత్తులు రాస్తాడు. ఆయన తాయెత్తుకి ఉన్న పేరు ఆ చుట్టుపక్కల ఇంకెవరి తాయెత్తుకీ లేదు. పాపిరస్‌ని సన్నగా చీల్చేది, ఆరబెట్టేది, ఆయన రాశాక వేలెడంత చుట్టగా చుట్టి నారదారంతో బిగించేది, గుడ్డసంచి కుట్టేది వాబెత్. చుట్టీ చుట్టీ ఆమె బొటనవేళ్ళు కాయలు కాశాయి. పుచ్చుకున్న వాళ్ళు మాత్రం వెళుతూ వెళుతూ, కెన్నా చేతిలోనే ఏదో మహిమ ఉందమ్మా అనేవారు. ఉందని ఆమెకీ తెలుసు. ఆ చెయ్యి ఎంత బరువో ఆ ఊళ్ళో ఆమెకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

రాసేటప్పుడు ఆయన పైకి చదువుతూ రాస్తాడు. వాబెత్‌కి అక్షరం రాదు కానీ విని విని అంతా నోటికి వచ్చేసింది. దేవుళ్ళే మాట ఇస్తున్నట్టు ఉంటుంది ఆ రాత. గోడ కూలి మీద పడకుండా కాపాడతాం, తేలు నుంచి కాపాడతాం, పాము నుంచి, మొసలి నుంచి, చలిజ్వరం నుంచి కాపాడతాం, చెడు కన్ను నుంచి, చెడు నోటి నుంచి, చచ్చిన మగవాడి నుంచి, చచ్చిన ఆడదాని నుంచి కాపాడతాం. ఇంతింత చిన్న జీవుల దగ్గర్నుంచి ఆకాశంలో తిరిగే జబ్బుల దాకా అన్నీ ఉంటాయి అందులో. బతికున్న మగవాడి ఊసు మాత్రం ఉండదు. ఆ సంగతి వాబెత్ చాలాకాలం గమనించలేదు. గమనించకూడదని కూడా కొన్ని గమనించం. 

మొదటి కడుపు పోయిన రోజున జరిగింది ఏమిటంటే, బీరు పలచగా ఉందని కెన్నా ఆమెని తోశాడు, ఆమె వెనక మెట్ల మీద పడింది. ఇది జరిగిందని ఆమెకి తెలుసు, తోసిన ఆయనకి తెలుసు, చూసిన హెనుత్‌కి తెలుసు. అయినా సాయంత్రానికి ఇంట్లో కథ వేరే అయిపోయింది. "వాడి చేత అదే తోయించింది. వాడి చెయ్యి వాడి వశంలో లేదప్పుడు" అంది హెనుత్. రెండోసారి తోపు కాదు, తన్ను. అప్పుడు కెన్నా ఏడ్చాడు. ఆ దెయ్యం నన్నేం చేస్తోందో చూడు వాబెత్, అని ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. రక్తం ఇంకా ఆగని మనిషి, లేచి కూర్చుని ఆయన తల నిమిరి ఓదార్చింది. ఆ తర్వాత ఆయన ఇంకా పొడుగైన తాయెత్తు రాశాడు. ఆమె దాన్ని చుట్టి, బిగించి, మెడలో వేసుకుంది.

ఆ సెలవు రోజున కెన్నా ఇంటికి వచ్చిన కాసేపటికే పై వీధి ఇపు వచ్చింది. ఆమె కూతురికి కొత్తగా పెళ్ళయింది, నెల తప్పింది. తాయెత్తు కావాలి. కెన్నా ఆమెని దేవుడి అరుగు పక్కన మంచి చాప మీద కూర్చోబెట్టాడు. పిల్లకి వాంతులు ఎక్కువగా ఉన్నాయా, నిద్ర పడుతోందా, బరువులు ఎత్తనివ్వకండి, తేనె పెట్టండి, అని ఎంతో నెమ్మదిగా అడిగాడు, చెప్పాడు. ఆ గొంతు వింటుంటే వాబెత్‌కి ఎవరో పరాయి మనిషి వచ్చి ఇంట్లో మాట్లాడుతున్నట్టు అనిపించింది. నీళ్ళు తెమ్మని కేకేశాడు. ఆమె వెనక వాకిట్లో పొయ్యిలోంచి రొట్టెలు తీస్తోంది. అవి మాడిపోతాయని తీసేసి వద్దామనుకుంది. ఆయన రెండోసారి పిలవాల్సి వచ్చింది. అంతే జరిగింది.

తాయెత్తు పుచ్చుకుని ఇపు వెళ్ళాక ఆయన తలుపు వేశాడు. "పరాయి మనిషి ముందు నా చేత రెండుసార్లు అడిగిస్తావా" అన్నాడు. గొంతు పెంచలేదు. మొదటి దెబ్బ ఎడమ పక్కటెముకల కింద తగిలింది. ఆమె రెండు చేతులూ కడుపు మీద వేసుకుని ముడుచుకుపోయింది. రెండో దెబ్బ మెడ మీద పడబోయి దండలో చిక్కుకుంది. తాడు తెగింది. నీలిబొమ్మలన్నీ గదంతా దొర్లాయి. ఒక తావెరెత్ పోయి అరుగు అంచుకి కొట్టుకుని రెండు ముక్కలయింది.

కెన్నా ఆ ముక్కల వంక చూసి తెల్లబోయాడు. నిజంగానే భయపడ్డాడు. "చూశావా అమ్మా? తాడు ఎలా తెంపేసిందో చూశావా? ఇంట్లోకి వచ్చేసింది. ఇక్కడే ఉంది ఇప్పుడు" అన్నాడు గుమ్మంలో నిలబడి చూస్తున్న తల్లితో.

వాబెత్ ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని, మోకాళ్ళ మీద పాకుతూ బొమ్మలన్నీ ఏరుతోంది. తాడు తెంపింది ఎవరో ఆమె చూసింది. ఆయన వేళ్ళ మధ్య తాడుపోగులు ఇంకా వేలాడుతున్నాయి. అయినా ఆయన అబద్ధమాడుతున్నట్టు లేదు. తన చేతిని తానే చూడలేని మనిషి ఆయన. ఎంత హాయి, అనుకుంది ఆమె. ఎంత హాయిగా ఉంటుంది అలా బతకడం. చేసిందంతా మొయ్యడానికి ఒక చచ్చిపోయిన ఆడది, భరించడానికి ఒక బతికున్న ఆడది.

హెనుత్ ఆమెని వెనక గదిలోకి తీసుకుపోయి పక్కకి పడుకోబెట్టింది. కొవ్వు, తేనె కలిపి దెబ్బ మీద రాయడం మొదలుపెట్టింది. ముసలామె చెయ్యి ఈ పనిలో బాగా తిరిగిన చెయ్యి. ఎక్కడ నొక్కాలో, ఎక్కడ తేలిగ్గా పోవాలో వెతుక్కోకుండానే తెలుసు దానికి. రాస్తూ రాస్తూ, తనలో తాను గొణుక్కుంటున్నట్టు అంది.

"నీ ఒళ్ళు నయం. నెఫరుకి ఇక్కడే తగిలేది, దానికి వాపు తొందరగా దిగేది కాదు."

చెయ్యి ఆగింది.

"నెఫరుకి ఎలా తగిలేది అత్తా?" అని అడిగింది వాబెత్, గోడ వైపు తిరిగే.

"ఏమన్నాను నేను? ఏమీ అనలేదు. ఇటు తిరుగు."

"ఆమెకి ఎవరు తగిలించేవారు? అప్పుడు ఏ దెయ్యం ఉండేది ఇంట్లో?"

హెనుత్ తేనె గిన్నె మూత పెట్టి, చేతులు తుడుచుకుని, వంట చూడాలంటూ లేచి వెళ్ళిపోయింది. 

వాబెత్ అలాగే పడుకుని ఉండిపోయింది. ముందు భయం వేసింది, తర్వాత సిగ్గు వేసింది, ఆ సిగ్గు అడుగు నుంచి కోపం లేచింది. అది కెన్నా మీద కోపం ఒక్కటే అయితే ఇంత మండేది కాదేమో. ఇన్నాళ్ళూ తను ఎవరి మీద ఉమ్మింది? ఎవరు రాకుండా గడపకి వెల్లుల్లి రాసింది? ఇదే గదిలో, ఇదే చాప మీద, ఇదే పక్కకి తిరిగి పడుకుని, ఇదే ముసలామె చేత ఇదే తేనె రాయించుకున్న మనిషి మీద. ఆమెకి ఎవరి పేరు చెప్పి ఉంటారు? చచ్చిపోయిన పినతల్లి పేరా? ఎడారి దెయ్యం పేరా? ఆమె కూడా ఎవరినో తిట్టుకుంటూ, ఎవరి మీదో ఉమ్ముతూ, మెడ నిండా బొమ్మలు వేసుకుని గోధుమలు నూరి ఉంటుంది. కాన్పులో పోయిందన్నారు. కాన్పు ముందు రోజు ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు. తనూ అడగలేదు. అక్కా, అనుకుంది వాబెత్. ఆ మాట మనసులో అనుకోవడం అదే మొదటిసారి. అక్కా, నీకు బీరు పలచనయిందా, నీళ్ళు ఆలస్యమయ్యాయా?

మర్నాడు కెన్నా ఆమెని కొండ మీద నెఫరు సమాధికి తీసుకెళ్ళాడు. ఈ గొడవ అక్కడే తేల్చేస్తానన్నాడు. రొట్టెల బుట్ట, బీరు కుండ వాబెతే మోసింది. పక్కటెముక ప్రతి మెట్టుకీ గుచ్చుకుంది. సమాధి ముందున్న చిన్న గది గోడల నిండా కెన్నా తన చేత్తో వేసిన బొమ్మలున్నాయి. వాటి ముందు నిలబడి ఆయన చనిపోయిన మనిషిని కేకలేశాడు. నీకేం తక్కువ చేశాను నెఫరూ, నీ శవపేటికకి వేసిన రంగు ఫోర్‌మన్ పెళ్ళానికైనా ఉందా, పండక్కి పండక్కీ వచ్చి బాతుమాంసం పెట్టానా లేదా, నా బిడ్డల్ని తినడానికి నీకు నోరెలా వచ్చింది, ఇక వదలకపోతే నీ పేరు గోడ మీంచి చెక్కేస్తాను, అన్నాడు. చివరకొచ్చేసరికి కళ్ళ నీళ్ళు కారాయి.

వాబెత్ గోడ చూస్తోంది. నెఫరుని ఆమె మొదటిసారి చూడడం. సన్నటి నడుము, చెవి పక్క తామరపువ్వు, నున్నటి బుగ్గ. ఒంటి మీద ఎక్కడా ఒక్క మచ్చ లేదు. ఒక చెయ్యి కెన్నా భుజం చుట్టూ వేసి, రెండో చేత్తో ఆయన మోచెయ్యి పట్టుకుని, నవ్వుతూ కూర్చుని ఉంది. ఎంత బాగా వేశాడు. ఆ పెదవి వంపు వెయ్యడానికి ఎంత ఓపిక కావాలి. నెఫరు ఎడమ పక్కటెముకల మీద తెల్లటి నారబట్ట మడతలు ఎంత పల్చగా, ఎంత ముద్దుగా జారుతున్నాయో. ఇంత మెత్తటి చెయ్యి ఆయనకి ఉందన్నమాట. ఉంది, గోడలకి. పక్కనే ఖాళీగా, సున్నం వేసి ఉంచిన జాగా ఒకటుంది. అది ఎవరి కోసమో ఆమె అడగనక్కర్లేదు. అక్కడ తను కూర్చుంటుంది. బుగ్గ నున్నగా ఉంటుంది. తన చెయ్యీ ఆయన భుజం చుట్టూ ఉంటుంది. మూడో పెళ్ళాం కుండ మోసుకుంటూ వచ్చి నిలబడుతుంది, ఈయన ఇక్కడే నిలబడి తనని కేకలేస్తాడు.

"రొట్టె పెట్టు" అన్నాడు కెన్నా కళ్ళు తుడుచుకుంటూ. ఆమె పెట్టింది. అన్నిటికంటే పెద్దది, మాడకుండా కాలినది ఏరి నెఫరు పాదాల దగ్గర పెట్టింది. ఆయన ముందు దిగిపోయాక గోడ మీద ఆ బుగ్గని వేలితో తాకి, తప్పయిపోయింది అక్కా, అంది.

ఆమె కొండ దిగి ఇంటికి వెళ్ళలేదు. సెలవు రోజుల్లో ఊరి వాకిలి బయట పందిరి కింద పెద్దలు కూర్చుంటారు. గాడిద అద్దె తగాదాలు, గోడ తగాదాలు అక్కడే తీరుస్తారు. వాబెత్ ఖాళీ బుట్టతోనే పోయి వాళ్ళ ముందు నిలబడి, తన మొగుడు తనని కొడుతున్నాడని చెప్పింది. కొట్టడం వల్లనే రెండు కడుపులు పోయాయని, ఈ మూడోది పోవడం తనకి ఇష్టం లేదని చెప్పింది. 

అక్కడున్న వాళ్ళలో కొందరు నవ్వారు. ఒకతను, మొగుడు కసిరినప్పుడల్లా ఇక్కడికి వస్తే ఈ ఊళ్ళో సమాధి తవ్వేవాడు మిగలడన్నాడు. ఇపు కూడా నవ్వింది, కూతురి చెయ్యి పట్టుకుని. కెన్నా వచ్చాడు, వెనకాల హెనుత్ వచ్చింది. ఆయన కోపంగా లేడు, బాధగా ఉన్నాడు. ఫోర్‌మన్ నఖ్తి పందిరి కింద పెద్ద. అతనితో, తన మొదటి భార్య ఈమెని పట్టుకుందని, ఆ మాటలు ఈమెవి కావని, ఇంకా బలమైన రక్ష దేవుడి చేతే చెప్పించి రాస్తానని అన్నాడు. నఖ్తి తల ఊపాడు. అదే మంచిదన్నాడు.

వాబెత్ మెడలోంచి చెక్క గొట్టం లాగింది. అది రాత్రే మళ్ళీ తాడుకి ఎక్కించింది హెనుత్.

"ఇది ఆయన రాసిందే. ఒకసారి అందరికీ వినబడేట్టు చదివించండి అయ్యా" అంది.

పెద్దల పక్కన కూర్చుని రాతకోతలు చూసే రాయసగాడు విప్పి చదివాడు. గోడ, తేలు, పాము, మొసలి, చలిజ్వరం, చెడు కన్ను, చచ్చిన మగవాడు, చచ్చిన ఆడది. చదవడం అయ్యేదాకా ఆమె ఆగింది.

"నన్ను తేలు కుట్టలేదు, మొసలి పట్టలేదు. ఈ ఊళ్ళో గోడ కూలి నా మీద పడలేదు. నా మీద పడింది కెన్నా చెయ్యి ఒక్కటే. బలమైన రక్ష రాస్తానంటున్నారుగా, అందులో ఆ మాట రాయమనండి. 'కెన్నా చేతి నుంచి కాపాడతాం' అని రాయమనండి. రాస్తే వేసుకుంటాను."

ఎవరూ నవ్వలేదు. ఇపు తన కూతురి మెడలో నిన్ననే కట్టిన కొత్త సంచి వంక చూసింది. కెన్నా ఏదో అనబోయాడు. నఖ్తి చెయ్యెత్తి ఆపి, చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. ఉన్నారంది వాబెత్. మా అత్తగారు.

హెనుత్‌ని ముందుకి పిలిచారు. తల్లి చేత కొడుకు మీద చెప్పించడం ఏమిటని గొణిగారు ఎవరో. వాబెత్ కూడా అదే అంది. ఆవిడని ఏమీ చెప్పమని అడగవద్దు, ఒక్క ప్రమాణం చెయ్యమనండి చాలు. "నా కొడుకు ఈ పిల్ల మీద గానీ, ముందున్న నెఫరు మీద గానీ ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు అని ఆమోను దేవుడి పేరు మీద ఒట్టు పెట్టమనండి. పెడితే నేను ఇప్పుడే ఇంటికిపోయి క్షమించమని ఆయన కాళ్ళు పట్టుకుంటాను."

ఆ ముసలామె తినే రొట్టె కొడుకుది, ఉండే గది కొడుకుది, రేపు పోతే పేటిక చేయించేది కొడుకు. ఇదంతా వాబెత్‌కి తెలుసు. అయినా అడిగింది. హెనుత్ అందరి వంకా చూసింది, కొడుకు వంక చూసింది. అతను ప్రోత్సాహంగా తల ఊపాడు. ఆమె కుడిచెయ్యి పైకెత్తింది.

"ఆమోను సాక్షిగా..." అంది. 

ఎత్తిన చెయ్యి మెల్లగా దిగింది.

"నాకు మోకాళ్ళు నొప్పులు. నిలబడలేను, కూర్చుంటాను" అంది. కింద దుమ్ములోనే కూర్చుండిపోయి, పైటకొంగులా తలగుడ్డ మొహం మీదకి లాక్కుంది.

పందిరి కింద మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కెన్నా, అమ్మా, అన్నాడు. చిన్నపిల్లాడిలా అన్నాడు. ఆమె మొహం మీది గుడ్డ తియ్యలేదు. వాబెత్‌కి ఆమె మీద జాలి వెయ్యలేదు, కోపమూ చల్లారలేదు. ఇద్దరు కోడళ్ళ పక్కటెముకలకి తేనె రాసిన ఆ చేతుల వంక మాత్రం చూసింది.

పెద్దలు కాసేపు మాట్లాడుకుని కెన్నా చేత ప్రమాణం చేయించారు. ఆమోను నిలిచి ఉన్నంతకాలం, రాజు నిలిచి ఉన్నంతకాలం, వాబెత్ మీద మళ్ళీ చెయ్యెత్తితే నూరు దెబ్బలు తింటానని, కాపురంలో కూడబెట్టినదంతా ఆమెకి వదులుకుంటానని ఆయన అందరి ముందూ చెప్పాడు. రాయసగాడు దాన్ని కుండపెంకు మీద రాశాడు. 

నఖ్తి తేలికపడ్డట్టు మోకాళ్ళ మీద చేతులు వేసుకుని లేచాడు. "అయిపోయిందమ్మా. ఇంత గట్టి ఒట్టు నేనెప్పుడూ వినలేదు. ఇక ఏ భయమూ లేదు నీకు. పొద్దుపోకుండా ఇంటికి వెళ్ళి, మనిషికి రొట్టె పెట్టు" అన్నాడు.

కెన్నా అప్పటికే ఇంటి వైపు అడుగు వేసి, ఆమె వెనకాలే వస్తుందన్న ధీమాతో నడుస్తున్నాడు. ఆమె కదలకపోవడంతో ఆగి వెనక్కి తిరిగాడు. వాబెత్ బుట్ట ఎత్తి చంకన పెట్టుకుంది. కింది వీధిలో చివరిది ఆమె తల్లి ఇల్లు. ఆ దారి వైపు తిరిగి, నఖ్తికి చెప్పింది:

"ఒట్టు పెట్టింది ఆయన. తిరిగి వెళతానని నేనేమీ ఒట్టు పెట్టలేదు."